గుంతలో దాచిన సీసా

ఇటు జరగండమ్మా, గోడకు ఆనుకుని కూర్చోండి. చాప చిన్నదే గానీ సర్దుకుంటే అందరికీ సరిపోతుంది. చేతిలో పని ఉంటే మానుకోవద్దు, శనక్కాయలు ఒలుచుకుంటూనే వినండి. ఇంట్లో ఏం దాచుకోవాలి, ఏం దాచుకోకూడదు అని మా అత్తకూ నాకూ ముప్పై ఏళ్ళుగా ఒక తగవు నడుస్తోంది. అది ఇంకా తెగలేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికైనా చెప్పుకుంటే కాస్త చల్లబడుతుందేమోనని చెబుతున్నాను.

నేను పుట్టింది నల్లమాడ పక్క ఒక మెట్ట పల్లెలో. మా వాళ్ళు ఎప్పుడో తాతల కాలంలోనే మగ్గం వదిలేసి వాన సేద్యంలో పడ్డారు. వాన సేద్యమంటే ఆరు నెలలు ఆకాశం వైపు చూడడం, మిగతా ఆరు నెలలు గాదె వైపు చూడడం. మా నాయన ఒకటే మాట చెప్పేవాడు, పండిన ఏడు ఒక ఏడాదికి తిని రెండేళ్ళకు దాచుకోవాలని. రాగులు ఉండేవి, ఎన్నేళ్ళయినా చెడవు. కందులకు మా అమ్మ ఎర్రమట్టి నీళ్ళు పట్టించి ఎండబెట్టేది. మట్టి పూసిన కందిని పురుగు ముట్టదు. చింతపండు ఉప్పుతో కలిపి కుండకెత్తేది. అటక మీద ఎండుమిరప, మూలలో ఉలవల బస్తా ఉండేవి.

అన్నిటికంటే పెద్ద దాపు నీళ్ళు. మా అమ్మ నీళ్ళకు వయసు లెక్కపెట్టేది. ఈ రోజు పట్టినవి తాగడానికి, నిన్నటివి వంటకు, మొన్నటివి స్నానానికి, అంతకు ముందువి గొడ్లకు. ఏ బిందెలో ఎన్ని రోజుల నీళ్ళు ఉన్నాయో నేను కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు బాగా వచ్చిన లెక్క అదొక్కటే.

అలాంటిదాన్ని తెచ్చి ధర్మవరం పక్కన మగ్గాల వీధిలో ఇచ్చారు. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే రెండు గుంతలు. ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నా, మా వైపు పట్టు మగ్గానికి నేలలో నడుం లోతు గుంత తవ్వుతారు. నేసేవాడు అంచున కూర్చుని కాళ్ళు గుంతలోకి వదిలి తొక్కుతూ, పోగు చుట్టిన నాడెను అటూ ఇటూ ఆడిస్తాడు. నిలువు పోగుల పడుగు నేలకు జానెడు ఎత్తున పరుచుకుని ఉంటుంది. ఒక మగ్గం మా మామది, రెండోది మా ఆయనది.

మా అత్త కూడా దాచేదే. దాచని మనిషి అని నేనెప్పుడూ అనను. కాకపోతే ఆమె దాచేది కరువుకు కాదు, ముసురుకు. పట్టు గాలిలోని తేమను తాగుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పడుగు పోగులు ఒకదానికొకటి అతుక్కుని మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే పొయ్యి ఆగినట్లే. అందుకని ఆమె అటక నిండా ఎండు కట్టెలు, దూలానికి వేలాడే బొగ్గుల సంచులు, పడుగు పక్కన పెట్టడానికి రెండు కుంపట్లు సిద్ధంగా ఉంచేది. ఆ ఇంట్లో విలువైనదంతా పైన వేలాడుతూ ఉండేది. మా పుట్టింట్లో విలువైనదంతా కింద ఉండేది.

కాపురానికి వచ్చిన మొదటి నెలలో మగ్గాల గదిలో మూడు డ్రమ్ముల నీళ్ళు పట్టి పెట్టాను. అక్కడే చల్లగా ఉంటుందని. మా అత్త చూసి నెత్తి పట్టుకుంది. పట్టు ఉన్న గదిలో నీళ్ళు పెట్టేవాళ్ళను ఎక్కడా చూడలేదంది. దాహమైతే పట్టు పిండుకుని తాగుతామా అన్నాను నేను. కొత్త కోడలు అనాల్సిన మాట కాదది. మా ఆయన గుంతలో కూర్చుని తల వంచుకుని నవ్వాడు. డ్రమ్ములు పెరట్లోకి పోయాయి. తగవు మాత్రం లోపలే ఉండిపోయింది.

ఆమె ఒక మాట తరచూ చెప్పేది. నేను రాకముందు ఒక ఏడు వానలు పట్టుకుని మగ్గం గుంతల్లో మోకాలి లోతు నీళ్ళు ఊరాయట. నెలన్నర మగ్గం ఆడలేదట. నేను నమ్మలేదు. అనంతపురం సీమలో గుంతలో నీళ్ళు ఊరడమేమిటి? ఎనిమిది వందల అడుగులు బోరు వేస్తే దుమ్ము లేచే నేల ఇది. పాతిక ఏళ్ళలో ఆ గుంతలు చెమ్మగిల్లడం చూశాను గానీ నీళ్ళు చూడలేదు. ముసలివాళ్ళ మాట అనుకుని ఒక చెవితో విని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా మామకు ఛాతీ జబ్బు చేసింది. ఆసుపత్రి వాళ్ళు ఒకేసారి రెండు నెలలకు సరిపడా బిళ్ళలు డబ్బా నిండా ఇచ్చి పంపారు. మా అత్త ఆ డబ్బాను పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. సగం డబ్బా మిగిలి ఉండగానే ఆయన పోయాడు. పన్నెండో రోజు అయ్యాక ఆమె ఆ డబ్బా పట్టుకుని ఒక్కతే ఊరి పక్కన పారే వంక దాకా నడిచి వెళ్ళి ఇసుకలో పూడ్చి వచ్చింది. ఆ నాటి నుంచి మా ఇంట్లో మందు దాచడానికి లేదు. తలనొప్పి బిళ్ళ అయినా ఒకటి తేవాలి, ఒకటి మింగాలి. మందు దాచి పెట్టుకుంటే రోగానికి పీట వేసినట్లేనని ఆమె నమ్మకం. దుఃఖంలో ఉన్న మనిషితో ఏం వాదిస్తాం?

కానీ తర్వాత ఆమెకే షుగరు వచ్చింది. కొన్నాళ్ళు బిళ్ళలు. ఆ పైన పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సూది. సూది వేయడం ఊరికి వచ్చే నర్సమ్మ దగ్గర నేనే నేర్చుకున్నాను. ఆ మందు చల్లగా ఉండాలి. మాకు ఫ్రిడ్జి లేదు. ఉన్నా కరెంటు పోతే అది ఉత్త బీరువానే. తడి ఇసుక పోసిన కుండలో, ప్లాస్టిక్ కవరులో చుట్టి సీసా పెట్టుకోమని నర్సమ్మే చెప్పింది. ఒకసారి జ్వరంలో రెండు రోజులు సూది తప్పితే మా అత్తకు స్పృహ తప్పి అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పుడు అక్కడి డాక్టరు నన్ను తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి. సూది ఒక్క పూట కూడా తప్పకూడదు. ఇంతకంటే తెలుసుకోవలసింది ఏమీ లేదు.

అంత తెలిసి కూడా ఇంట్లో ఉండేది ఒకే ఒక్క సీసా. అందులో మందు చిటికెన వేలి గోరంత అయ్యాక మా ఆయన బండి మీద టౌనుకు పోయి ఇంకొకటి తెచ్చేవాడు. ఒకసారి బందు, అంగళ్ళు మూసేశారు. ఒకసారి సీసాలు నిండుకున్నాయి, రేపు రమ్మన్నారు. ఇంకోసారి బండి దారిలో ఆగిపోయింది. రెండేళ్ళకు రాగులు దాచిన ఇంటి పిల్లను, రెండు పూటల మందు లేని ఇంట్లో ఎలా ఉండగలను?

ఒక రోజు గట్టిగానే అడిగాను. ఇంకొక్క సీసా తెచ్చి పెట్టుకుంటే ఏం పోతుందని, రాగులు దాచుకోలేదా, కట్టెలు దాచుకోలేదా అని.

"రాగులు ఆకలికి," అంది మా అత్త. "ఆకలి పిలిచినా పిలవకున్నా వస్తాది. రోగం అట్ల కాదు, పిలిస్తేనే వస్తాది."

"వచ్చి పదేండ్లాయె కదత్తా. ఇంక పిలిచేదేముండాది?"

"వచ్చినదానికి చెల్లెండ్లు ఉంటారు."

ఈ మాటకు జవాబు ఉంటే మీరు చెప్పండి. మా ఆయన దగ్గరకు పోయి, కొడుకువు నువ్వు చెబితే వింటుందన్నాను. ఆయన తెగిన పోగు ముడి వేసుకుంటూ, "మీ ఇద్దరి మధ్య నేనేందిమ్మే, నాడె మాదిరి అటూ ఇటూ పోతా ఉండల్లా?" అన్నాడు. ఆ ముడి వేయడానికి అంత సేపు పట్టదని నాకు తెలుసు.

అప్పుడే నేను దొంగతనానికి దిగాను. టౌనులో ఒక శుభకార్యానికి పోయినప్పుడు డాక్టరు చీటీ చూపించి ఒక సీసా కొని, చీరె కుచ్చెళ్ళలో దోపుకుని వచ్చాను. ఎక్కడ దాచాలి? మా అత్త చేయి పోని చోటు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. మా మామ పోయాక ఆయన మగ్గం విప్పేశాం. గుంత పూడ్చడానికి ఎవరికీ మనసు రాక పైన చెక్కలు పరిచి వదిలేశాం. మా అత్త ఆ చెక్కల మీద కాలు కూడా పెట్టదు. లోపల ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. నేను చెక్క ఎత్తి దిగి, ఒక మూల ఇసుక కుండ పెట్టి అందులో సీసా ఉంచాను. పెద్ద తెలివి చేశాననుకున్నాను.

కొత్త సీసా వచ్చినప్పుడల్లా దాన్ని గుంతలో పెట్టి, గుంతలోది పైకి తెచ్చేదాన్ని, తేదీ దాటిపోకుండా. ఇసుక ఎండిపోకుండా రోజూ నీళ్ళు చల్లాలి. అన్నిసార్లు వంగి చూస్తుంటే మా అత్తకు అనుమానం రాదా?

"ఏమ్మే, ఆ గుంతలో నీ పుట్టిల్లు ఏమన్నా కనపడ్తాందా, పొద్దుకు రెండు మార్లు తొంగి చూస్తాండావు?"

ఎలుకలు చేరాయన్నాను. మర్నాడే ఆమె ఎవరి ఇంటి నుంచో ఒక పిల్లిని తెప్పించింది. ఎలుకలు లేని ఇంట్లో ఆ పిల్లికి రోజూ పాలు పోయడం నా పని. ఒక్క అబద్ధానికి ఎంత చాకిరీ ఉంటుందో అప్పుడు తెలిసింది.

అలా ఏడాది గడిచింది. ఆ కార్తీకంలో ముసురు పట్టింది.

మొదటి రోజు పండగే అనుకోండి. వీధిలో అందరూ బయటికి వచ్చి చూరు కింద నిలబడి వాన చూశారు. నాకైతే చేతులు ఆగలేదు. డ్రమ్ములు, గంగాళం, బిందెలు, చెంబులు, అన్నం గిన్నెలు కూడా చూరు కింద వరస పెట్టాను. ఆకాశం నుంచి పడే నీటిని ఊరికే పోనివ్వడం నా వల్ల కాదు. "ఇంక నా చెప్పులు ఉండాయి, అవీ పెట్టు," అన్నాడు మా ఆయన. మా అత్త మాత్రం నవ్వలేదు. అటక మీది కట్టెలు దింపించి, కుంపటి రాజేయించి, పడుగు పక్కన పెట్టించింది. ఈ వాన పోయే వాన కాదు, గుంతలు చూసుకోండి అంది. ఎవరూ చూసుకోలేదు. ముసురులో ఇసుక ఎండదులే అని నేను కూడా ఆ చెక్క ఎత్తలేదు.

మూడో రోజుకు సూది మందు అడుగంటింది. మా ఆయన టౌనుకు పోవలసిన రోజు అదే. బాగా కురుస్తోంది, రేపు తెరిపిస్తుందిలే, పోతాను అన్నాడు. నేను బలవంతం చేయలేదు. చేయకపోవడానికి కారణం మీకు తెలుసు, నా దగ్గర సీసా ఉంది కదా. నాలుగో రోజు తెల్లవారేసరికి వంక పొంగింది. చెరువు నిండి మరవ మీదుగా పొర్లి పారింది. రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. కరెంటు లేదు, ఫోన్లు పని చేయడం లేదు. నర్సమ్మ ఉండేది వంకకు అవతల. పొద్దున సూది వేశాక సీసా ఎత్తి చూస్తే సాయంత్రానికి ఒక్క సూది మందు మిగిలింది. మర్నాటికి ఏమీ లేదు.

మా ఆయన వంక దాటే మార్గం ఉందేమో చూసి వస్తానని పోయి, నడుం దాకా తడిసి తిరిగి వచ్చాడు. మా అత్త మంచం మీద కూర్చుని, ఏం రాసి ఉంటే అది అంటూ పిల్లి తల నిమురుతోంది. నాకు లోపల భయం లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, కాస్త గర్వంగానే ఉంది. దాచిపెట్టేవాళ్ళ విలువ దాచినది తీసే రోజున తెలుస్తుందనుకుంటూ పాత గుంత దగ్గరకు పోయి చెక్క ఎత్తాను.

నీళ్ళు. ఎర్రటి నీళ్ళు, చెయ్యి చాపితే అందేటంత పైకి. వాన నీళ్ళు లోపలికి రాలేదు, గడప దగ్గర మట్టికట్ట వేసే ఉంచాం. ఇవి అడుగు నుంచి ఊరినవి. మా అత్త చెప్పినట్లే, అచ్చం అలాగే.

తోడుదామని బిందె కోసం తిరిగి చూస్తే ఇంట్లో ఖాళీ పాత్ర ఒక్కటి లేదు. చెంబు మొదలుకుని అన్నీ నిండుగా ఉన్నాయి, నేనే నింపాను. రెండు బిందెల మంచినీళ్ళు ఎత్తి వాకిట్లో కుమ్మరించాను. బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను నీళ్ళు నేలపాలు చేసింది అదే మొదటిసారి. ఆ శబ్దానికి మా అత్త తల ఎత్తి చూసింది.

తోడడం మొదలు పెట్టాను. నాలుగు బిందెలు తోడితే నీళ్ళు బెత్తెడు దిగేవి, ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ ఊరేవి. మా ఆయన వచ్చి, తన మగ్గం గుంతలో కూడా నీళ్ళు ఊరుతున్నాయని, పెళ్ళి చీరె పడుగు పైకి కట్టాలి, ఒక చెయ్యి వేయమని అడిగాడు. నేను ఆగలేదు. మగ్గం లేని గుంత ఎందుకు తోడుతున్నావని గట్టిగా అడిగాడు. అప్పుడు చెప్పక తప్పలేదు. మా అత్త వింటూ ఉండగానే చెప్పాను. అడుగున కుండ ఉంది, కుండలో సూది మందు ఉంది, ఏడాది నుంచి ఉంది.

మా ఆయన చొక్కా విప్పి గుంతలోకి దిగాడు. పెళ్ళి చీరె పడుగు అవతల తడుస్తూ ఉంటే, దాన్ని వదిలి ఇక్కడ దిగాడు. ఈ మనిషి నాడెలా తిరగనని అన్నాడే గానీ, ఆ పూట ఎటు నిలబడాలో అటే నిలబడ్డాడు. అది మాత్రం నేను మరవను.

ఆయన లోపల నుంచి అందిస్తే నేను బయట పోశాను. మధ్యాహ్నం దాకా అదే పని. నడుము విరిగిపోయింది. నీళ్ళు మోకాలి కిందికి వచ్చాక ఆయన కాలితో మూలలన్నీ తడిమాడు. గుంత గోడ నానిపోయి ఒక బండరాయి జారి పడి ఉంది. సరిగ్గా కుండ మీద. ఆయన రాయి జరిపి, చేయి ముంచి, దొరికింది పైకి తీసి నా అరచేతిలో పెట్టాడు. సీసా మెడ, దాని మీద మూత. మిగతాది గాజు పెంకులు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ రాయి మీద, వాన మీద, రేపు పోతానన్న ఆయన మీద, అన్నిటికంటే ఎక్కువ నా మీద.

మా అత్త మంచం మీద నుంచి అంది, "రెండు మాటలు చెప్తి నీకు. మందు ఇంట్లో పెట్టద్దంటి. గుంతలో నీళ్ళు ఊరతాయంటి. ఒకటన్నా విన్నావా?"

"రెండిట్లో ఒకటే నిజమత్తా," అన్నాను నేను. "ఆ ఒకటి విననందుకు నన్ను చెప్పుతో కొట్టు. రెండోది మాత్రం ఇప్పుడు కూడా విననంటే వినను."

ఆమె ముఖం తిప్పుకుంది. నేను తలమీద గోనెపట్ట వేసుకుని, అయిపోతున్న మా సీసాను కొంగున కట్టుకుని వీధిలోకి దిగాను. మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. ఎదురింటి ముసలామెకు కూడా షుగరే. ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే సూది. మా అత్తా ఆమే పెళ్ళి నాటి నుంచి వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. మందు దాచరాదనే మాట మా అత్త కంటే ఆమే గట్టిగా చెప్పేది. ఆ ఇంట్లో ఏం దొరుకుతుందిలే అనుకుంటూనే పోయాను. పోవడానికి ఇంకో ఇల్లు లేదు.

తలుపు తీసింది ఆమె కోడలు. నా మాట సగంలో ఉండగానే, లోపలి ముసలామెకు వినపడకుండా మాట్లాడమని కళ్ళతో సైగ చేసి, వంటింట్లోకి తీసుకుపోయి బియ్యం డబ్బా వెనక నుంచి ఒక సీసా తీసింది. అత్తకు తెలియకుండా దాచిందట. నేను నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. ఇంతలో లోపల నుంచి ముసలామె గొంతు వినిపించింది.

"ఏమే, ఎన్ని కావల్లంట? నా పెట్టెలో మూడు ఉండాయి, ఇయ్యి."

కోడలు చేతిలో సీసాతో అలాగే బిగుసుకుపోయింది. ముసలామె నడుము పట్టుకుని వచ్చి, ఇనప్పెట్టె తెరిచి, చీరెల కింద నుంచి ఇత్తడి చెంబు తీసింది. తడిగుడ్డలో చుట్టిన సీసాలు మూడు. కోడలు చేతిలోది చూసి, "ఓహో, నీదొకటా," అంది. "ఇంత కాలం నన్ను అబద్ధాలకోరును చేస్తివి కదత్తా," అంది కోడలు. "నేను దాచుకునేది నా మందు. నువ్వు దాచేది నా రోగం," అంది ముసలామె. వాళ్ళ తగవు వాళ్ళకు వదిలేశాను. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. వెలుతురుకు పట్టుకుని, మా సీసా వాళ్ళ సీసా పక్కపక్కన పెట్టి, గీతకు గీత, చుక్కకు చుక్క, మూత రంగు, అన్నీ సరిపోల్చుకున్నాక పెట్టెలోది ఒకటి తీసుకున్నాను. ముసలామె గుమ్మం దాకా వచ్చి, ఇది తన పెట్టెలోదని మా అత్తకు చెప్పవద్దంది.

చెప్పకుండా ఎలా ఉంటాను? మర్నాడు పొద్దున సూది వేశాకే చెప్పాను, ముందు చెబితే వేయించుకోదేమోనని. మా అత్త చెయ్యి రుద్దుకుంటూ కూర్చుంది. ఆ పైన, "మూడా?" అని ఒక్క మాట అడిగింది. మూడేనన్నాను. "దాని మొగుడు పోయినప్పుడు కూడా డబ్బా మిగిలింది. నేను పోయిన పొద్దే అదీ నాతో వంకకు వచ్చింది, దాన్ని పూడ్చేకి," అంది. అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. నాకు అంతవరకు తెలియదు, ఆ రోజు వంక దాకా ఆమె ఒక్కతే పోలేదని.

మూడు రోజులకు వాన తెరిపిచ్చింది. ట్రాక్టర్లు మట్టి పోశాక దారి పడింది. పడుగు సగం పాడైంది. నెల రోజులు మగ్గం ఆడలేదు, గుంత ఆరలేదు. ఆ నెలలో ఒక రోజు మా అత్త నన్ను పిలిచి, రెండో సీసా తెచ్చుకోవచ్చునంది. ఇన్నేళ్ళ తగవులో నేను గెలిచానని సంతోషించబోయాను. అప్పుడు షరతు చెప్పింది. ఆ సీసా మా ఇంట్లో ఉండకూడదు. ఎదురింట్లో ఉండాలి. ఎదురింటి ముసలామె సీసాలు మా ఇంట్లో ఉంటాయి. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారట. మా ఇంట్లో మా మందు లేదు, వాళ్ళ ఇంట్లో వాళ్ళ మందు లేదు. ఇంక రోగం వచ్చి అడిగితే ఎవరి గడప దగ్గర అడుగుతుంది?

ఇది ఏం తెలివమ్మా, మీరే చెప్పండి. నా చేతికి అందే చోట ఉండాల్సిన సీసా కోసం నేను వీధి దాటి పోవాలి. వాళ్ళ సీసాలకు మా ఇంట్లో ఇసుక నేను తడపాలి, మా సీసాకు ఆ కోడలు తడపాలి. ఆమె తడుపుతుందో లేదో నాకు నమ్మకం లేక రోజూ పోయి చూస్తాను. నా మీద నమ్మకం లేక ఆమె ఇక్కడికి వస్తుంది. ఉన్న పనులు చాలవన్నట్లు ఇదొకటి.

పోయిన ఏడాది వాళ్ళింటిల్లిపాదీ ఒక పెళ్ళికి లేపాక్షి వైపు పోయారు. ఇంటికి తాళం. మా సీసా లోపల. ఇక్కడ మా అత్తది అడుగంటింది, టౌనులో అంగడి మూసి ఉంది. తాళం వైపు చూస్తూ వాకిట్లో నిలబడి, ఇందుకే కదా నేను మొత్తుకునేది అని అరిచాను. మా అత్త మంచం మీద నుంచి లేవకుండా, "వాండ్లవి ఈడ ఉండాయి కదమ్మే, అవి వేయి," అంది.

వేశాను. ఏం చేయను? తాళం వేసి పోయినా, వంక పొంగినా, రెండిళ్ళలో ఏదో ఒకదాంట్లో మందు ఉంటుంది. ఇద్దరు ముసలివాళ్ళు మూఢనమ్మకంతో చేసిన ఏర్పాటు, నేను తెలివితో చేసిన ఏర్పాటు కంటే గట్టిగా నిలిచింది. అది ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. మా అత్తకు ఎనభై నిండుతున్నాయి. పొద్దున సూది వేసేటప్పుడల్లా నా ముఖం చూసి ఒకలాగా నవ్వుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది కదా అనుకుని ఊరుకుంటాను.

ఇంక లేవండి తల్లీ, పొద్దుపోయింది, మీ ఇళ్ళలో దీపాలు పెట్టుకోవాలి. మీ ఇంటి పెద్దలు నూరేళ్ళు మీతో తగవులాడుతూ చల్లగా ఉండాలి. మీరు దాచుకున్నది మీకు దక్కాలి, మీరు మరిచింది ఎదురింటి వాళ్ళ దగ్గర దొరకాలి. మీ గడప తట్టినవాళ్ళు ఎప్పుడూ వట్టి చేతులతో తిరిగి పోకుందురుగాక.